ఒగాడెన్ యుద్ధం: క్యూబా సైనికులు రాకపోయి ఉంటే?

ప్రశ్న (పౌరశాస్త్రం టీచరు):

నేను జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెబుతున్నాను. పోయిన వారం ప్రచ్ఛన్న యుద్ధం పాఠంలో ఆఫ్రికా కొమ్ము, అంటే ఆ ఖండపు తూర్పు కొస దాకా వచ్చాం. ఒగాడెన్ యుద్ధాన్ని ఎప్పటిలాగే రెండు వాక్యాల్లో తేల్చేశాను. 1977లో సోమాలియా పొరుగున ఉన్న ఇథియోపియాలోని ఒగాడెన్ ప్రాంతం మీదికి దండెత్తింది, సోవియట్ యూనియన్, క్యూబాల అండతో 1978లో ఇథియోపియా దాన్ని వెనక్కి నెట్టింది అని. పిల్లలు రాసుకుంటున్నారు. అంతలో మూడో వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, సోమాలియాకు ట్యాంకులిచ్చి, సైన్యానికి శిక్షణ ఇచ్చింది సోవియట్ యూనియనే అని నిన్న మీరే చెప్పారు. మరి తాము తయారు చేసిన సైన్యాన్ని తామే ఎందుకు ఓడించారు?" అని అడిగింది.

నా దగ్గర సమాధానం లేదు. "రేపు చదివి చెబుతాను" అన్నాను. ఆ రేపు దాటి నాలుగు రోజులైంది. చదివినకొద్దీ నాకే కొత్త సందేహాలు పుడుతున్నాయి. యుద్ధం మధ్యలో అంత పెద్ద దేశం ఇటు నుంచి అటు ఎలా మారింది? క్యూబా సైనికులు రాకపోయి ఉంటే ఇథియోపియా ఓడిపోయేదా? అన్నిటికంటే నన్ను వేధిస్తున్నది మరొకటి ఉంది. ఇద్దరు పొరుగువాళ్ల గట్టు తగాదాలోకి సముద్రాల అవతలి నుంచి ఒక సైన్యం వచ్చి దిగడం న్యాయమేనా? పిలిస్తేనే వచ్చారు కాబట్టి సరే అనుకోవాలా?

పిల్లలకు తప్పు చెప్పకూడదన్నదే నా తాపత్రయం. తెలిసినవారు కాస్త ఓపికగా చెప్పగలరా?


జవాబు (పటాల పిచ్చి):

మేడమ్, ముందు పటం దగ్గర మొదలుపెట్టండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

సోమాలియా జెండా చూడండి. లేత నీలం మీద తెల్లని నక్షత్రం, దానికి ఐదు కోణాలు. సోమాలీలు ఉండే ఐదు ప్రాంతాలకు అవి గుర్తులు. బ్రిటన్ పాలించిన భాగం, ఇటలీ పాలించిన భాగం కలిసి 1960 జులై 1న సోమాలియా అయ్యాయి. మిగిలిన మూడు కోణాలు పొరుగువాళ్ల దగ్గరే ఉండిపోయాయి: అప్పటికి ఫ్రాన్స్ చేతిలో ఉన్న జిబూటీ, కెన్యా ఉత్తర సరిహద్దు జిల్లా, ఇథియోపియాలోని ఒగాడెన్. దేశం పుట్టిన రోజే జెండా మీద పొరుగువాళ్ల భూమి ఉందన్నమాట.

ఇథియోపియా వాదన ఇథియోపియాకు ఉంది. తరువాత ఇథియోపియా చక్రవర్తి అయిన మెనెలిక్ 1887లో హరార్ నగరాన్ని జయించాడు. 1897లో బ్రిటన్‌తో సరిహద్దు ఒప్పందం రాసుకున్నాడు. ఆ గీతకు రెండు వైపులా ఒంటెలు తోలుకుంటూ తిరిగే సోమాలీలను మాత్రం ఎవరూ అడగలేదు. వానాకాలంలో వాళ్లు మందలను మేపే హౌద్ బీళ్లను 1954 ఒప్పందంతో బ్రిటన్ ఇథియోపియాకు అప్పగించేసింది. ఇక ఇటలీ వైపు గీత ఎన్నడూ పూర్తిగా తేలనేలేదు. పాత అట్లాసుల్లో ఆ భాగం చుక్కల గీతగా కనబడుతుంది, పక్కన "తాత్కాలిక పాలనా రేఖ" అని రాసి ఉంటుంది.

1964లో కైరోలో ఆఫ్రికా దేశాలన్నీ కూడి, స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఉన్న సరిహద్దులే సరిహద్దులని తీర్మానించుకున్నాయి. సోమాలియా దానికి ఒప్పుకోలేదు. ఆ ఏడాదే రెండు దేశాల మధ్య కొన్ని వారాల పోరు కూడా జరిగింది. 1977లో సోమాలియాకు ఆఫ్రికాలో దాదాపు ఎక్కడా మద్దతు దొరకకపోవడానికి కారణం ఇదే. ఆ ఒక్క గీత కదిలితే తమ గీతలన్నీ కదులుతాయని ప్రతి దేశమూ భయపడింది.

మిగతాది నాకంటే బాగా తెలిసినవారు చెబుతారు.


జవాబు (ఎర్రనేల):

మేడమ్ గారికి నమస్కారం. మాది కదిరి దగ్గర ఒక పల్లె. వ్యవసాయ శాస్త్రం చదివి, 2010 నుంచి నాలుగేళ్లు ఇథియోపియా తూర్పున ఉన్న హరమాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాను. అప్పట్లో ఆ దేశపు విశ్వవిద్యాలయాల్లో తెలుగువాళ్లం చాలామందిమే ఉండేవాళ్లం. హరమాయకు ఒక పక్క కొండల కింద దిరె దావా, మరో పక్క కోటగోడల మధ్య హరార్. మీరు రెండు వాక్యాల్లో చెప్పిన యుద్ధం ఈ రెండు ఊళ్ల ముంగిట్లోనే మలుపు తిరిగింది. ఆ నేల మీద నేను నాలుగేళ్లు వేరుశనగ మడులు కొలిచాను కాబట్టి ఈ విషయం నాకు పుస్తకంలోది కాదు.

మీ విద్యార్థిని ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆ అమ్మాయి పట్టుకున్నది అసలైన ముడి. మాస్కో నిజానికి ఇద్దరినీ చెప్పుచేతల్లో ఉంచుకోవాలనుకుంది. సోమాలియాలో 1969లో సైనిక కుట్రతో గద్దెనెక్కిన సియాద్ బారె 1974లో సోవియట్‌లతో స్నేహ ఒప్పందం చేసుకున్నాడు. బెర్బెరా రేవు సోవియట్ నౌకలకు స్థావరమైంది. అదే కాలంలో ఇథియోపియా అమెరికా వైపు ఉంది. హైలె సెలాసీ చక్రవర్తి సైన్యం వాడింది అమెరికా తుపాకులు, అమెరికా విమానాలు. 1974 సెప్టెంబరులో డెర్గ్ అనే సైనికాధికారుల సంఘం ఆయనను దించేసింది. 1977 ఫిబ్రవరి 3న మెంగిస్తు హైలె మరియం తోటి అధికారులనే చంపించి పగ్గాలన్నీ తన చేతిలోకి తీసుకున్నాడు. మానవ హక్కుల కారణం చూపి కార్టర్ ప్రభుత్వం సైనిక సాయం తగ్గించింది. ఏప్రిల్‌లో మెంగిస్తు అమెరికా సైనిక బృందాన్ని వెళ్లగొట్టాడు, మే నెలలో మాస్కో వెళ్లి వచ్చాడు. సోమాలియా కంటే ఎన్నో రెట్ల జనాభా, ఎర్రసముద్రం మీద అస్సబ్, మస్సావా రేవులు ఉన్న దేశం తనంతట తాను వచ్చి తలుపు తడితే మాస్కో ఎందుకు కాదంటుంది?

ఇక్కడ ఒక్క నెల దగ్గర ఆగాలి. 1977 మార్చి. దక్షిణ యెమెన్ రాజధాని ఏడెన్ నగరంలో క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రో బారె, మెంగిస్తు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. ఇథియోపియా, సోమాలియా, దక్షిణ యెమెన్ ఒక సమాఖ్యగా ఏర్పడాలని, అందులో ఒగాడెన్‌కు స్వయంపాలన ఉండాలని ప్రతిపాదించాడు. ముందు ఒగాడెన్ సంగతి తేల్చమన్నాడు బారె. అంగుళం కూడా వదలనన్నాడు మెంగిస్తు. మాట కుదరలేదు. ఆ గదిలో పెద్దమనిషిగా కూర్చున్నవాడే ఏడాది తిరక్కముందే ఒక పక్షాన సైన్యాన్ని దించాడు. మన పల్లెల్లో పంచాయితీ చెప్పడానికి వచ్చినవాడు సాయంత్రానికి కర్ర పట్టుకుని ఒక వైపు నిలబడితే ఆ తగాదా ఇక ఎన్ని తరాలు నడుస్తుందో మీకు తెలుసు. క్యూబా వాళ్ల ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ మార్చి నెలను తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

జులైలో సోమాలియా సైన్యం సరిహద్దు దాటింది. అంతకు ముందు నుంచే పశ్చిమ సోమాలీ విమోచన దళం గెరిల్లాలు లోపల పని మొదలుపెట్టారు. జిబూటీ నుంచి వచ్చే రైలు మార్గాన్ని తెగగొట్టారు. సెప్టెంబరులో జిజిగా పట్టణం పడిపోయింది. ఒగాడెన్‌లో పదింట తొమ్మిది వంతులు బారె చేతికి వచ్చింది. ఆగమని మాస్కో చెప్పింది, ఆయన వినలేదు. ఆగస్టు చివర్లో స్వయంగా మాస్కో వెళ్లి వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. ఆయుధాల సరఫరా ఆగిపోయింది. చివరికి 1977 నవంబరు 13న స్నేహ ఒప్పందాన్ని రద్దు చేసి, సోవియట్ సలహాదారులందరినీ దేశం వదిలి పొమ్మన్నాడు, క్యూబాతో సంబంధాలు తెంచుకున్నాడు. అమెరికా వచ్చి ఆదుకుంటుందని ఆయన ఆశ. ఆయుధాలిచ్చే మాట జులైలో అన్నవాళ్లే, సరిహద్దు దాటి దండెత్తాడని తెలిశాక వెనక్కి తగ్గారు.

నవంబరు చివరి నుంచి సోవియట్ రవాణా విమానాలు ఇథియోపియాలో వరుసగా దిగాయి. ఆయుధాల విలువ వంద కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అంచనా. ట్యాంకులు, శతఘ్నులు, రాకెట్లు దిగాయి. జనరల్ వసీలి పెత్రోవ్ యుద్ధ వ్యూహం చూశాడు. క్యూబా దళాలకు జనరల్ అర్నాల్డో ఒచోవా నాయకుడు. క్యూబా సైనికులు పన్నెండు వేలు దాటారు. దక్షిణ యెమెన్ కూడా దళాలను పంపింది. నిన్నటిదాకా సోమాలియా అధికారులకు పాఠాలు చెప్పిన సోవియట్ సలహాదారుల్లో కొందరు ఇటు వచ్చి, వాళ్ల సైన్యం ఎలా కదులుతుందో వీళ్లకు చెప్పారు. మీ విద్యార్థినికి సమాధానం ఇదే. తయారు చేసినవాడికే లోపాలు తెలుస్తాయి.

క్యూబా రాకపోయి ఉంటే? దిరె దావా మీద సోమాలియా దాడి 1977 ఆగస్టులోనే విఫలమైంది. అప్పటికి క్యూబా పోరాట దళాలు రాలేదు. ఇథియోపియా పైలట్లు అమెరికాలో నేర్చుకున్న విద్యతో, అమెరికా ఇచ్చిన ఎఫ్-5 విమానాలతో సోమాలియా మిగ్-21లను ఆకాశం నుంచి తరిమేశారు. అడిస్ అబాబా శివార్లలోని తాతెక్ శిబిరంలో లక్షల మంది రైతు బిడ్డలకు కొద్ది వారాల శిక్షణ ఇచ్చి రంగానికి పంపారు. వాళ్లు కుప్పలు కుప్పలుగా చనిపోయారు, కానీ నిలబడ్డారు. హరార్ దాకా వచ్చేసరికి సోమాలియా సైన్యానికి వెనక దారి చాలా పొడవైంది. కొండలు, వానలు, బురద. అందుచేత నా లెక్కలో హరార్ ముందు దాడి జోరు తగ్గించింది ఇథియోపియన్లే. 1978 జనవరిలో హరార్ మీద ఆఖరి దాడిని విరిచేటప్పటికి క్యూబా వాళ్లు పక్కన ఉన్నారు. ఆ తరువాత అంత త్వరగా, ఆరేడు వారాల్లో, సోమాలియా సైన్యాన్ని సరిహద్దు దాకా తరమడం మాత్రం క్యూబా ట్యాంకులు, సోవియట్ హెలికాప్టర్లు లేకుండా జరిగేది కాదు. అవి రాకపోతే ఆ యుద్ధం కొండల దగ్గర ఏళ్ల తరబడి నానేది.

ఆ కొండలను చెప్పాలి. హరార్ నుంచి జిజిగా వెళుతుంటే బాబిలె దాటాక రాళ్ల లోయ వస్తుంది. ఒక బండరాయి మీద మరో బండ, ఎవరో పిల్లలు ఆడుకుంటూ పేర్చినట్టు ఉంటాయి. అది దాటి పైకి ఎక్కితే మర్దా కనుమ. అక్కడి నుంచి చూస్తే జిజిగా మైదానం అరచేయిలా కనబడుతుంది. కనుమ ఎవరిదైతే మైదానం వాళ్లది. 1978లో ఆ కనుమకు ఎదురుగా వెళ్లి తలపడకుండా, కొంత బలగాన్ని కొండల చుట్టూ తిప్పి, తేలికపాటి కవచ వాహనాలను పెద్ద హెలికాప్టర్లలో అవతలి వైపు దించారు. సోమాలియా సైన్యం ముందూ వెనకా చిక్కుకుంది. మార్చి 5న జిజిగా తిరిగి ఇథియోపియా చేతికి వచ్చింది. మార్చి 9న బారె సైన్యాన్ని వెనక్కి పిలిచాడు.

నేను మొదటిసారి ఆ దారిన వెళ్లినప్పుడు రోడ్డు దిగువన ఒక ట్యాంకు చూశాను. గొలుసులు లేవు, ఇనుము కోసం ఎవరో ఊడదీసుకుపోయారు. ఫిరంగి గొట్టం ముక్కు నేలకు వాలి ఉంది. మూత తెరిచిన చోట లోపలి నుంచి తుమ్మ మొక్క ఒకటి మొలిచి పైకి వచ్చింది. రెండు మేకలు ఆ ఆకుల కోసం ఇంజను మీదికి ఎక్కి ముందు కాళ్లు చాస్తున్నాయి. "ఈ ట్యాంకు ఎవరిది?" అని మా డ్రైవరును అడిగాను. "రష్యాది" అన్నాడు. "అది కాదు, సోమాలియాదా, ఇథియోపియాదా?" అన్నాను. అతను నా వైపు తిరిగి, అర్థం కానివాడికి చెప్పినట్టు నెమ్మదిగా మళ్లీ "రష్యాది" అన్నాడు.


పౌరశాస్త్రం టీచరు:

ఎర్రనేల గారూ, ఆ డ్రైవరు మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. దాన్ని రేపే తరగతిలో చెబుతాను.

కానీ నా మూడో సందేహం ఇంకా తీరలేదు. మీరు చెప్పినదాన్ని బట్టి సోమాలియా సైన్యం సరిహద్దు దాటింది, ఇథియోపియా తన భూమిని కాపాడుకోవడానికి సాయం అడిగింది. అడిగితే వచ్చినవాళ్లను తప్పు పట్టగలమా? పట్టలేకపోతే, ఆ మార్చి నెల గురించి మీకెందుకు అంత బాధ?


జవాబు (పాత సిపాయి):

అమ్మా, ఈ ప్రశ్నకు ఒక సైనికుడి మాట కూడా వినండి. నేను భారత సైన్యంలో సుబేదారుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. 1993లో ఐక్యరాజ్య సమితి దళంలో భాగంగా మన బ్రిగేడు సోమాలియా వెళ్లింది. అందులో నేనూ ఉన్నాను. బైదోవా ప్రాంతంలో ఏడాది పైగా ఉన్నాం.

ఎర్రనేల గారి మాటల్లో నాకు ఒకటి నచ్చలేదు. పంచాయితీ పెద్దమనిషి కర్ర పట్టుకున్నాడనడం. పంచాయితీ ఎప్పుడు? మార్చిలో. దండెత్తింది ఎప్పుడు? జులైలో. మధ్యలో ఒకడు గట్టు దాటి పక్కవాడి చేలోకి నాగలి దించాక ఇంకా పెద్దమనిషిగానే కూర్చోవాలా? ఐక్యరాజ్య సమితి నియమావళి 51వ అధికరణంలోనే ఉంది, దాడికి గురైన దేశం ఒంటరిగానైనా, ఇతరులతో కలిసైనా ఆత్మరక్షణ చేసుకోవచ్చని. శత్రువు ట్యాంకులు వందల కిలోమీటర్లు లోపలికి వచ్చేసినప్పుడు సాయం చేసేవాడి గుణగణాలు ఎవరూ లెక్కపెట్టరు. ముందు గుండ్లు ఎన్ని తెచ్చాడని చూస్తారు. అది తప్పు కాదు.

మనవాళ్లకు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. హరార్‌లో ఇథియోపియా సైనిక అకాడమీని 1950ల చివర్లో నిలబెట్టింది మన భారత సైన్యం అధికారులే. అక్కడ నేర్చుకున్న కుర్రవాళ్లలో ఎందరో ఈ యుద్ధంలో పోరాడి ఉంటారు. పరాయి దేశపు సైనికుడు ఇంకో దేశానికి చేయగలిగిన మేలు అది. నేర్పించి రావడం.

ఇక నాకు మింగుడు పడనిది చెబుతాను. బైదోవాలో మేము తనిఖీలు చేసినప్పుడు దొరికిన తుపాకులు చూస్తే గుండె చెరువయ్యేది. పాత సోవియట్ కలాష్నికోవ్‌లు, వాటితో పాటు అమెరికా రైఫిళ్లు, ఇటలీ మందుపాతరలు. ఒక పశువుల పాక గడ్డివాములో దొరికిన రైఫిలు పిడి మీద సోవియట్ కర్మాగారం ముద్ర ఇంకా చెరిగిపోలేదు. దాన్ని దాచినవాడికి పదిహేనేళ్లు కూడా ఉండవు. ఒగాడెన్ యుద్ధం జరిగేటప్పటికి వాడు పుట్టనే లేదు. తిండి బస్తాలు తెచ్చే లారీకి కాపలా ఉండటం మా పని. ఆ లారీని ఆపేది ఇలాంటి పిల్లలే. 1980లో బెర్బెరా రేవు అమెరికా వాళ్లకు దక్కింది, దాంతో బారెకు మళ్లీ ఆయుధాలు వచ్చాయి. ఆ ఆయుధాలు ఏ సరిహద్దునూ కాపాడలేదు. సొంత జనం మీద పడ్డాయి. 1988లో ఉత్తర సోమాలియాలోని హర్గెయిసా మీద బారె విమానాలు అదే ఊరి విమానాశ్రయం నుంచి లేచి అదే ఊరి మీద బాంబులు వేశాయి. అప్పుడు వాడిన మిగ్ విమానం ఒకదాన్ని ఇప్పటికీ ఊరి నడుమ దిమ్మె మీద నిలబెట్టి ఉంచారు.

సాయానికి వెళ్లడం తప్పని నేను అనను. అవసరం తీరాక ఆ ఇనుమును ఎవరు వెనక్కి తీసుకెళతారన్నది ముందే తేల్చుకోకపోవడం తప్పు. మా దళానికి 1994 డిసెంబరులో తిరుగు ప్రయాణమైంది. మా తుపాకులు లెక్క చూసుకుని మేమే తెచ్చుకున్నాం.


జవాబు (ఎర్రనేల):

సుబేదారు గారూ, మీ మందలింపు తీసుకుంటున్నాను. జులై తరువాత ఇథియోపియాకు సాయం అడిగే హక్కు ఉంది. అందులో నాకు రెండో మాట లేదు. దండెత్తింది సోమాలియా, ఆ సంగతి ఎంత దూరం తీసుకెళ్లినా మారదు. క్యూబా వాళ్లు తమకు తాము రెండు గీతలు గీసుకున్నారని కూడా చెప్పాలి. సరిహద్దు దాకా తరిమి అక్కడే ఆగారు, సోమాలియా లోపలికి వెళ్లలేదు. తరువాత, అప్పటికి ఇథియోపియాలో భాగంగా ఉన్న ఎరిత్రియాలో విడిపోవాలని పోరాడుతున్నవాళ్ల మీదికి తమ పదాతి దళాలను పంపమని మెంగిస్తు ఆశించినా, అది మీ ఇంటి గొడవ అని క్యూబా దూరంగా ఉంది. టీచరు గారూ, మీ మూడో ప్రశ్నకు పిల్లలకు ఇవ్వదగిన మంచి ఉదాహరణ ఇదే. బయటి దాడిని ఆపడం వేరు, ఇంట్లోవాళ్ల నోరు నొక్కడానికి చేయి కలపడం వేరు.

అయితే ఆ రెండో గీత అనుకున్నంత గట్టిది కాదు. నాకు బాధ అక్కడే. ఒగాడెన్‌లో క్యూబా వాళ్లు పోరాడుతున్న నెలల్లోనే అడిస్ అబాబా వీధుల్లో మెంగిస్తు "ఎర్ర భీభత్సం" నడుస్తోంది. చదువుకున్న కుర్రవాళ్లను వేల సంఖ్యలో కాల్చి చంపారు. సరిహద్దు మీద గెలిచిపెట్టినవాళ్లు అక్కడ గెలిపించింది ఒక దేశాన్నే కాదు, ఆ మనిషిని కూడా. తూర్పు దిక్కు భారం తీరడంతో ఆయన తన సైన్యాన్ని ఉత్తరాన ఎరిత్రియా మీదికి మళ్లించాడు. 1991లో పారిపోయేదాకా ఇంకో పదమూడేళ్లు గద్దె మీద ఉన్నాడు. గట్టు తగాదా కూడా తీరలేదు. 1982లో ఇథియోపియా సైన్యం ఇటు నుంచి అటు దాటి బలన్‌బలె, గల్‌దొగోబ్ ఊళ్లను పట్టుకుంది. 1988 ఏప్రిల్‌లో ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు, ఒకరి తిరుగుబాటుదారులకు మరొకరు సాయం చేయకూడదని. సరిహద్దు గీత మాత్రం పటాల పిచ్చి గారు చెప్పిన చుక్కల దగ్గరే ఉండిపోయింది.

మా విభాగంలో నేల పరీక్షలు చూసే సహోద్యోగి ఒకాయన ఉండేవాడు. ప్రయోగశాలలో లెక్క తప్పితే అమ్హారిక్‌లో కాకుండా స్పానిష్‌లో విసుక్కునేవాడు. ఎందుకో నాకు రెండో ఏడాది గానీ తెలియలేదు. వాళ్ల నాన్న తాతెక్‌లో శిక్షణ పొంది, 1977 చివర్లో హరార్ దగ్గర చనిపోయాడు. యుద్ధంలో తండ్రులు పోయిన పిల్లలను వేలమందిని క్యూబా తీసుకెళ్లి, ఇస్లా దె లా హువెంతూద్ అనే దీవిలో బడులు కట్టి చదివించింది. ఈయన పదకొండేళ్లప్పుడు ఓడ ఎక్కాడు. డిగ్రీ పుచ్చుకుని తిరిగి వచ్చేసరికి అమ్మ మాట్లాడే ఊరి మాటలు సగం మరిచిపోయాడట. "నాకు అన్నం పెట్టి చదువు చెప్పిన దేశం" అని క్యూబా గురించి చెప్పేటప్పుడు ఆయన లేచి నిలబడేవాడు. అడిస్ అబాబాలో తిగ్లాచిన్ స్మారక స్తంభం ఉంది, ఒగాడెన్ యుద్ధంలో చనిపోయిన ఇథియోపియా, క్యూబా సైనికుల కోసం 1984లో కట్టినది. ఇద్దరం ఒకసారి వెళ్లాం. క్యూబా సైనికుల ఫోటోలున్న చోట ఆయన ఒక్కొక్క పేరూ వాళ్ల ఉచ్చారణలోనే, హాజరు పట్టీ పిలిచినట్టు పైకి చదివాడు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ కుర్రవాళ్ల ముఖాలు చూస్తే ఏ సిద్ధాంతమూ గుర్తు రాదు. అంతా ఇరవై, ఇరవై రెండేళ్లవాళ్లు.

తరువాత నెలలో విత్తనం కోసం ఇద్దరం బాబిలె సంతకు వెళ్లాం. ఆ చుట్టుపక్కల పండేది వేరుశనగే. ఎర్ర ఇసుక నేల, మా ఊరి నేలే. కాయ వలిచి చూస్తే గింజ మా కదిరి రకం కంటే కాస్త సన్నం. గోనెపట్టా పరుచుకుని అమ్ముతున్న సోమాలీ ముసలమ్మ దగ్గర కూర్చున్నాం. ఆమెకు అరవై దాటి ఉంటాయి. నేను భారతీయుడినని తెలిసి మాట కలిపింది, సహోద్యోగి అనువదించాడు. 1978 మార్చిలో వాళ్ల ఊరివాళ్లంతా వెనక్కి వెళుతున్న సోమాలియా సైన్యం వెంట నడిచి సరిహద్దు దాటారట. లక్షల మందిలాగే ఆమె కూడా శరణార్థి శిబిరంలో పదమూడేళ్లు ఉంది. 1991లో సోమాలియా ప్రభుత్వం కూలిపోయినప్పుడు మళ్లీ నడిచి ఇటే వచ్చింది. ఆమె తమ్ముడు గెరిల్లా దళంలో ఉండేవాడు, తిరిగి రాలేదు.

క్యూబా సైనికులను చూశారా అని అడగమన్నాను. సహోద్యోగి ఒక్క క్షణం తటపటాయించి అడిగాడు. ఆమె చేటలో కాయలు చెరుగుతూనే జవాబు చెప్పింది: "లేదు. వాళ్లు మా ఊరికి వచ్చేసరికి మేము వెళ్లిపోయాం. మేము తిరిగి వచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయారు."

తరువాత ఆమె ఈయనను ఏదో అడిగింది. ఈయన తన గురించి చెప్పుకున్నాడు. నాన్న గురించి, హరార్ గురించి, ఓడ గురించి చాలాసేపు చెప్పాడు. ఆమె చేట పక్కన పెట్టి విన్నది. ఆ మాటలు ఆయన నాకు అనువదించలేదు, నేనూ అడగలేదు. డబ్బిచ్చి లేవబోతుంటే ఆమె మా సంచి లాక్కుని రెండు దోసిళ్లు కొసరు పోసింది.